మెట్ల లెక్క

పదకొండు మంది.
ఎనిమిది నెలల పసిదాని నుంచి
ఎనభై మూడేళ్ల చెంగమ్మ అవ్వ దాకా.
ఎండాకాలం సెలవుల్లో నాలుగు రోజులు,
పెరంబూరులో నా ఒంటిగది ఇంటికి.

నాయుడుపేట నుంచి ఫోన్లో
ఒక్కొక్కరూ ఒక్కో మద్రాసు అడిగారు.
పెంచలయ్య మామకి మూర్‌మార్కెట్టు.
అది కాలిపోయాకే నేను పుట్టానని చెప్పాను,
మీరు లోకల్ బండి దిగేదే ఆ చోటని కూడా.
"అయినా ఓసారి చూడు" అన్నాడు.
తేజస్వినికి ఏసీ మాలు.
లిఖిత్‌గాడికి పాములు, ఎన్నుంటే అన్ని.
సుగుణత్తకి చీరలు. "ఊరికే చూడ్డానికేలే" అంది.
వెనకాల వాళ్లాయన దగ్గు వినిపించింది.

అవ్వ ఏమీ అడగలేదు.
చాలాసేపు ఊపిరి మాత్రం వినిపించి
"యాడికైనా సరే మే,
మెట్లెన్నుండాయో కనుక్కో" అంది.

పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో పరుగెత్తుతున్నదాన్ని
రెండు ఆదివారాలు మెట్లు లెక్కపెట్టాను.

మ్యూజియం దగ్గర లెక్క తప్పి
మళ్లీ మొదటి మెట్టు కాడికొచ్చాను.
వాచ్‌మన్ ఏం పోగొట్టుకున్నావని అడిగాడు.
మెట్రోకి లిఫ్టుంది,
ఎక్కడుందో అడిగితే ముగ్గురు మూడు వైపులు చూపించారు.
మెరీనాలో మెట్లు లేవు. ఇసకుంది.
ఇసకని ఎన్ని మెట్ల కింద కట్టాలి?

పాత కేలెండరు వెనక నేను గీసుకున్న పటంలో
కోట లేదు, లైట్‌హౌసు లేదు.
కడిగిన బాత్రూములున్నాయి, బెంచీలున్నాయి,
పసిదానికి పాలివ్వడానికి గోడచాటు ఒకటి,
మామకి షుగరు పడిపోతే
ఏ వేళైనా ఇడ్లీ దొరికే మూల.
మూడింటికి నీడ ఎటు తిరుగుతుందో
బాణం గుర్తులు వేశాను.
ఖర్చుల లెక్క ఇంకో కాగితం మీద ఉంది,
దాని సంగతి ఇక్కడ రాయను.

గిండీ పార్కులో ఒక బెంచీ మీద,
ఎత్తు అవ్వకి సరిపోతుందో లేదో చూద్దామని,
మోకాళ్ల మీద చేతులేసి
వెనక్కి అంచు తడుముకుంటూ
ఆమెలాగే కూర్చున్నాను.
వెంటనే లేవాలి. లేవలేదు.
ఈ ఊళ్లో నేను బస్సులో కూర్చున్నాను,
కళ్లద్దాల షాపులో స్టూలు మీద కూర్చున్నాను,
ఆసుపత్రిలో టోకెను పట్టుకుని కూర్చున్నాను.
ఊరికే కూర్చోవడం ఇదే.
ఒక జింక కంచె దాకా వచ్చి
నా దగ్గరేమీ లేదని తేల్చుకుని వెళ్లిపోయింది.

పైనింటి సెల్వి అక్క
వాళ్ల బాత్రూం తాళంచెవి ఇచ్చింది, పసుపుతాడు కట్టి.
"ఆరు నుంచి ఏడు మటుకు మా ఆయనది" అంది,
అది కూడా పటంలో రాసుకున్నాను.

నిన్న రాత్రి అవ్వకి అంతా చదివి వినిపించాను.
తక్కువ మెట్లవి ముందు,
ఎక్కువవి గొంతు తగ్గించి.
అంతా విని అడిగింది:
"మీ ఇంటికెన్ని?"

నోట మాట లేదు.
రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగే మెట్లు.
ఫోను కట్ చెయ్యకుండానే, దాని లైటు వేసుకుని
చెప్పుల్లేకుండా కిందికి దిగాను.
ఇరవై మూడు.
పదిహేడోది అంచు విరిగింది.
అది విరిగి ఎన్నేళ్లయిందో!
నా కాలికి తెలుసు, నాకు తెలీదు.

"ఇరవై మూడా" అంది అవ్వ,
లోపల ఏదో కూడికా తీసివేతా చేసుకుని.
"ఎక్కతాలే. ఎక్కినాక మటుకు
నాలుగు దినాలు నన్ను దించబాకండి.
మీరంతా తిరిగొచ్చి చెప్పండి, యింటా.
కిటికీ ఉందిగా?"

ఉంది. దాని కింద ఫ్రిజ్జుంది.
ఇవాళ షాపుకి ఆలస్యమైనా సరే
సెల్వి అక్క కొడుకుని పిలిచి దాన్ని పక్కకి జరిపాం.
నేల మీద ఫ్రిజ్జు ఆకారంలో తెల్లటి చదరం,
అందులో ఒక బొట్టుబిళ్ల, రెండు బియ్యపు గింజలు.
అక్కడ కుర్చీ వేసి
మళ్లీ ఆమెలాగా కూర్చున్నాను.

పాలబూతు. ఆరేసిన దుప్పటి.
రెండు మేడల సందులోంచి
వెళ్తున్న లోకల్ బండి,
అన్ని పెట్టెల్లో ఒకసారికి ఒకటిన్నర కనిపిస్తుంది.

రాసుకున్నాను.